స్లింగు కడియం

నన్ను ఎవరూ పేరు పెట్టి పిలవరు. త్రీనాట్ త్రీ రైఫిలు నడుముకు మరతో బిగించిన స్లింగు కడియాన్ని నేను. భుజాన వేసుకునే పట్టీ నాలోంచే దూరి వెళ్తుంది. నాలుగు కిలోల బరువు ఇన్నేళ్లు మోస్తే పేరు రైఫిలుకు వచ్చింది, అరుగుదల నాకు మిగిలింది.

పుట్టింది బెంగాల్లో, హుగ్లీ ఒడ్డున ఇషాపూర్లో. 1904లో రైఫిల్ ఫ్యాక్టరీ రాకముందు అక్కడ తుపాకిమందు చేసేవారు. మా రైఫిలు మెడ దగ్గర కిరీటం గుర్తు, జి.ఆర్.ఐ. అక్షరాలు, 1943 అన్న అంకె ఇంకా చదవొచ్చు. అప్పుడు నా ఒంటిమీద ఉన్నది రంగు కాదు. ఉక్కు పైపొరనే నల్లబరిచారు. నిజానికి అదీ తుప్పు జాతిలోదే. ఎర్ర తుప్పు ఇల్లు కూలుస్తుంది, నల్లది ఇల్లు కాస్తుంది. కాకపోతే వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. నూనె రాసినన్నాళ్లే దాని కాపలా.

చాలా చేతులు మారాక, గొట్టానికి బెజ్జం వేయించుకుని, పేలే యోగ్యత పోగొట్టుకుని, కాకినాడ దగ్గర ఒక కాలేజీ కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, డ్రిల్లు రైఫిలుగా చేరాం. ఒకవైపు సముద్రపు గాలి, ఇంకోవైపు కేడెట్ల అరచేతి చెమట. రెండింటిలోనూ ఉప్పే. నా నలుపు ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు.

ఒక జనవరిలో, పరేడ్‌కు నాలుగు రోజుల ముందు, గేటుకు వేయగా మిగిలిన నల్ల ఎనామిల్ నాకు పూశారు. పరేడ్ రోజున పెళ్లికొడుకులా మెరిశాను. ఉగాదికల్లా పెచ్చులూడాను.

ఆ వేసవిలో కోత్‌కు కొత్తగా వచ్చిన ఉస్తాద్ నన్ను గోటితో గీకి చూశారు. పెచ్చు ఊడి ఆయన అరచేతిలో పడింది, దాని అడుగున జిడ్డు.

"రంగేసే ముందు నూనె తుడిచావట్రా?"

"కిరసనాయిల్‌తో కడిగాను ఉస్తాద్," అన్నాడు రంగేసిన కుర్రాడు.

"కిరసనాయిల్ నూనె కాక నీళ్లా?"

ఏ రంగు వేయాలన్న చర్చ ఆ మధ్యాహ్నమంతా నడిచింది. మ్యూజియం అద్దాల వెనక ఉండే తుపాకీ అయితే ఉస్తాద్ అసలు రంగు మాటే ఎత్తనిచ్చేవారు కాదు. పాత ఒళ్లే దాని విలువ. మాది రోజూ దెబ్బలు తినే బతుకు. బండి సైలెన్సర్‌కు కొట్టే స్ప్రే వేద్దామన్నాడు కుర్రాడు. అది బాగా వేడి తగిలితేనే గట్టిపడే రంగు, సైలెన్సర్ తనే కాగుతుంది కాబట్టి దానికి సరిపోతుంది. నాకా వేడి ఎక్కడిది? మెత్తగానే ఉండిపోయి థిన్నర్ తగలగానే జారిపోతుంది. పోనీ పౌడర్ కోటింగ్? గట్టిదే. కానీ అరవై, ఎనభై మైక్రాన్ల మందం పడుతుంది, మర గాడిలో మర దిగదు. చివరికి కార్ల షెడ్డులో వాడే, హార్డెనర్ కలిపే రెండు డబ్బాల రంగు దగ్గర ఆగారు. అది ఆరేది గాలికి కాదు, రెండూ కలిసి గడ్డకట్టడం వల్ల. అందుకే తర్వాత నూనె తగిలినా కరగదు.

రంగు ఎంచుకోవడానికి ఒక పూట పడితే, నన్ను దానికి సిద్ధం చేయడానికి రెండు రోజులు పట్టింది. పాతది గీకి, ఎమరీ కాగితంతో గరుకు చేసి, థిన్నర్ గుడ్డతో మళ్లీ మళ్లీ తుడిచి, చివర్లో నా మీద నీటిబొట్టు వేశారు. బొట్టు తామరాకు మీదలా నిలబడింది. "ఇంకా నూనె ఉంది" అన్నారు ఉస్తాద్. మూడోసారికి నీరు పలచగా పరుచుకుంది. అప్పుడు ఫాస్ఫారిక్ ఆమ్లం పట్టించారు, ఒళ్లు బూడిద రంగుకు తిరిగింది. ఇషాపూర్లోనే 1960లలో పుట్టిన మా 7.62 రైఫిలు తమ్ముళ్లకూ ఇలాగే కింద ఫాస్ఫేటు పొర, పైన నల్ల రంగు. ఆ గరుకులోకి రంగు వేళ్లు దించుకుంటుంది. ఎనామిల్‌కు నా మీద ఆ పట్టు దొరకలేదు పాపం. ఇన్నాళ్లూ దాన్ని తిట్టుకున్నాను గానీ.

మర దూరే బెజ్జం లోపల, మర ఒంటి మీద మాత్రం రంగు పడకుండా టేపు చుట్టించారు. ఒక్కో పూత పాతిక మైక్రాన్లనుకున్నా, రెండేసి పూతలు రెండు వైపులా కలిస్తే వెంట్రుక మందం దాటిపోతుంది. ఇక నేను ఊగేది ఎలా? ఊగని కడియం డ్రిల్లులో మోగదు. రంగు కొట్టాక వారం రోజులు తీగకు వేలాడదీసి, ఎవరూ ముట్టుకోవద్దని తాఖీదు.

మరుసటి జనవరిలో 'సలామీ శస్త్ర్' అన్న కేకకు అరచేయి రైఫిలు మీద పడగానే ఖణేల్‌మన్నాను. వానాకాలం వెళ్లేసరికి పట్టీ ఒరుసుకునే అడుగు వంపులో చిటికెన గోరంత బూడిద రంగు బయటపడింది. కేడెట్ కంగారుపడి బ్రష్షు తెచ్చాడు.

"అక్కడ రంగెయ్యకురా," అన్నారు ఉస్తాద్, "పట్టీ మళ్లీ తినేస్తుంది. నూనె చుక్క పెట్టు."