అడిగితే ఆగి జవాబు చెప్పేవారు

ఇప్పటి ఎన్నికల సభలకు వెళ్ళి ఇంటికొచ్చాక ఒక్క మాటా గుర్తుండటం లేదు. వయసు వల్ల కాదు. కుర్రతనంలో విన్న ఉపన్యాసాలు ఇప్పటికీ వరసగా అప్పజెప్పగలను. గుర్తుండేట్టు మాట్లాడేవాళ్ళే కరువయ్యారు.

మా రోజుల్లో అభ్యర్థి ఊళ్ళోకొస్తే రావిచెట్టు కింద బల్ల వేసి, పెట్రోమాక్స్ లైటు వెలిగించి, బ్యాటరీ మైకు పెట్టేవారు. ముందో బుర్రకథ. రైతులూ కూలీలూ పొలం నుంచొచ్చి, స్నానాలూ భోజనాలూ ముగించుకుని కూర్చునేసరికి రాత్రి తొమ్మిదయ్యేది. పెద్ద నాయకులొస్తే రాజమండ్రి సుబ్రహ్మణ్య మైదానానికి సొంత డబ్బులు పెట్టుకుని వెళ్ళేవాళ్ళం. 1974లో రోడ్డు వంతెన వచ్చేదాకా కొవ్వూరు వైపు వాళ్ళు రైలో లాంచీయో ఎక్కి రావాల్సిందే. అయినా వచ్చేవారు.

దాళ్వాకు నీటి ఎద్దడి వచ్చిన ఏడాది మా ఊరి సభలో ఒక అభ్యర్థి ధవళేశ్వరం ఆనకట్ట గురించీ కాటన్ దొర గురించీ గొప్పగా చెబుతున్నాడు. శివారు రైతొకాయన లేచి, "ఆనకట్ట సంగతి మాకు తెలుసండి. మా చేలకి నీరెప్పుడొస్తదో అది సెప్పండి" అన్నాడు. కార్యకర్తలు కూర్చోమని కసిరారు. అభ్యర్థి వాళ్ళను వారించి, "ఏ కాలవండి? ఏ లాకు కింద?" అని అడిగాడు. పైవాళ్ళు వంతు తప్పి తూములు ఎత్తుకుంటున్నారని తేలింది. "నీళ్ళు తెప్పిస్తానని ఇప్పుడే మాటివ్వలేనండి. పొద్దున్నే లాకు దగ్గరికొస్తాను, మీరూ రండి" అన్నాడు. అన్నట్టే వచ్చాడు. పంచె ఎగ్గట్టి మాతోపాటు గట్టంతా నడిచాడు. "మాటివ్వలేను" అన్నందుకే ఆ శివారంతా ఆయన్ని నమ్మింది.

అంతకు ముందు తరం సంగతి మా నాన్నగారు చెప్పేవారు. 1952లో కాకినాడ నుంచి లోక్‌సభకు గెలిచిన చెలికాని రామారావు గారు, 1957లో నరసాపురం నుంచి గెలిచిన ఉద్దరాజు రామం గారు, ఇద్దరూ కమ్యూనిస్టులే. ఆ పార్టీ అంటే గిట్టనివాళ్ళు కూడా వాళ్ళ మాట వినేవారట. వేదిక ఎక్కకముందే ఆ మనిషెలా బతికాడో జనానికి తెలుసు కాబట్టి.

కొత్తగా వచ్చిందంతా చెడ్డదని నేననను. 1982లో ఎన్టీ రామారావు గారు పార్టీ పెట్టి, చైతన్యరథం మీద నిలబడి మాట్లాడితే ఆడవాళ్ళు చంటిపిల్లల్ని చంకనేసుకుని రోడ్డు మీద గంటల తరబడి కాచుకున్నారు. సినిమా మోజు సగం, నిజమే. మిగతా సగం రెండు రూపాయలకు కిలో బియ్యం. అది అందరికీ అర్థమయ్యే మాట, అమలైందో లేదో రేషను షాపులో తేలిపోయే మాట. 1983లో గెలిచాక ఇచ్చారు. 2003 వేసవిలో రాజశేఖరరెడ్డి గారు పాదయాత్ర చేస్తూ ఎండలకు రాజమండ్రిలో జబ్బుపడి, లేచి మళ్ళీ నడిచారు. రైతులకు ఉచిత కరెంటు అన్నారు, 2004లో ముఖ్యమంత్రిగా తొలి సంతకం దాని మీదే పెట్టారు. ఇచ్చిన మాట పట్టుకుని జనం నిలదీయగలిగినప్పుడే ఉపన్యాసానికి విలువ.

ఇప్పుడో! లారీల్లో, బస్సుల్లో జనాన్ని తోలుకొస్తారు. చేతిలో బిర్యానీ పొట్లం పెడతారు. పైన డ్రోన్లు, పక్కన ఎల్‌ఈడీ తెరలు. వేదికకూ జనానికీ మధ్య అంత ఖాళీ, దాని చుట్టూ ఇనప కంచె. అక్కణ్ణుంచి లేచి అడిగితే ఎవరికి వినపడుతుంది? ఎవరో రాసిచ్చిన కాగితం తాడేపల్లిగూడెంలో చదివిందే తునిలోనూ చదువుతారు. ఎదుటివాణ్ణి తిట్టిన అర నిమిషం రాత్రికల్లా ఫోన్లలో తిరుగుతుంది. సభ పెట్టింది ఆ అర నిమిషం కోసమే.

టైము లేదంటారు. నిజమే, 1996లో చట్టం మార్చి ప్రచారానికి ఉన్న ఇరవై రోజుల గడువును రెండు వారాలకు తగ్గించారు. నియోజకవర్గానికి రెండు లక్షల పైచిలుకు ఓటర్లు. కానీ ఎన్నికలకూ ఎన్నికలకూ మధ్య అయిదేళ్ళున్నాయి కదా! అప్పుడు ఊరి మొహం చూసినవాడికి ఆ రెండు వారాలు చాలవా?

మన డెల్టాలో 2014లో మే 7న, 2024లో మే 13న ఓట్లేశాం. సరిగ్గా కాలవలు కట్టేసే రోజులు. పూడిక తీయాల్సిందీ, గుర్రపుడెక్క ఎత్తాల్సిందీ అప్పుడే. ఆ కాలవల మీది వంతెనలు దాటుకుంటూనే ప్రచార రథాలన్నీ తిరుగుతాయి. ఒక్క అభ్యర్థీ బండి ఆపి కిందికి చూడడు, మనమూ ఆపమని అడగం. తప్పు వాళ్ళదొక్కళ్ళదే కాదు. ఈసారి మీ వీధికొచ్చినవాడు ఏ పార్టీవాడైనా సరే, దండ వేసే ముందు ఆపి అడగండి: మా కాలవ పూడిక ఏ వేసవిలో తీయిస్తారు, తీయకపోతే మేం ఎక్కడికొచ్చి మిమ్మల్ని అడగాలి? ఆగి జవాబు చెప్పినవాడికే ఓటెయ్యండి. చెప్పనివాడు ఎంత గొప్పగా మాట్లాడినా వెయ్యకండి.