మీటరు కూలి తాతగారు

సూరతు నగరమును చూడబోయినవారు తాపీనది యొడ్డున కోటను జూతురు. వెనుకటి ఆంగ్లేయ వర్తకుల, డచ్చి వర్తకుల గోరీలపై లేచిన గుమ్మటములను జూతురు. రింగురోడ్డు పొడవున బారులు దీరిన చీరల మార్కెట్లలో దారి తప్పి, అలసి, లోచో తిని, పెట్టెడు ఘారీ కట్టించుకొని రైలెక్కుదురు. లింబాయత్ పేటలో రెండు గదుల యింటి ముంగిట ప్లాస్టిక్ కుర్చీలో గూర్చుండి, ఒక మోకాటిపై మనుమరాలిని, రెండవ మోకాటిపై మనుమని నిలుపుకొని, ఆ మహానగర చరిత్ర నంతను తన కుటుంబచరిత్రలో నొక పిట్టకథగా దించి చెప్పు తెలుగు తాతగారిని మాత్రము చూడకయే మరలుదురు. వారికి గలిగిన నష్టమింతింత యనరాదు. ఏలయన కోట యెక్కడికిని పోదు, తాతగారి కథ మాత్రము నేడున్నట్లు రేపుండదు. రేపటికి మఱికొంత పెరుగును.

ఈ తాతగారు ఆ పేటలో వీథికొక్కరైన నుందురు గనుక, ఒకరిని వర్ణించిన అందఱిని వర్ణించినట్లే. నల్లగొండ, వరంగల్లు, కరీంనగరు ప్రాంతముల పద్మశాలి కుటుంబములు, చేమగ్గము కడుపు నింపజాలని కాలమున, కొన్ని షోలాపురమునకు, కొన్ని భీవండికి, కొన్ని సూరతునకు మరమగ్గములను వెదకికొనుచు వలసపోయినవి. మన తాతగారు నూనూగు మీసముల ప్రాయమున, దూరపు బావ యొకని వెంట, వరంగల్లున నవజీవన్ ఎక్స్‌ప్రెస్సు నెక్కి సూరతున దిగిరి. ఆ దిగుటలో విశేషమేమియు లేదు. అయినను మనుమల యెదుట ఆ ప్రయాణము, 1608లో హెక్టరను ఓడ నెక్కి సూరతు రేవునకు వచ్చిన హాకిన్సు దొర రాకకంటె ఘనముగా వర్ణింపబడును. దొరకు జహంగీరు కొలువున దొరకిన మర్యాద యెంతటిదో గాని, తాతగారికి మరమగ్గాల ఖాతాలో సేఠు పోయించిన మొదటి కప్పు చాయ ముందు అది యెందులకును కొఱగాదు.

తాతగారి కథనకళకు మూలము ఆయన వృత్తిలోనే యున్నది. జీవితమంతయు ఆయనకు ముట్టినది మీటరు కూలి. నేసిన గుడ్డ యెన్ని మీటర్లైన అన్ని పైసలు. పన్నెండు గంటల పాళీలో, వరుసగా నిలిచిన మగ్గముల నడుమ దిరుగుచు, తెగిన పోగు ముడివేయుచు, బాబిన్లు మార్చుచు, తాకా వెంట తాకా దించిన మనుష్యునకు పొడుగే సంపద, కురుచతనమే దారిద్ర్యము. అట్టివాడు మగ్గము విడిచిన పిమ్మట కథకు బూనుకొన్నచో అది పొట్టిగా నెట్లుండును? పైగా మగ్గముల హోరుపై మాటలాడి మాటలాడి పండిన కంఠము గనుక, రహస్యము చెప్పినను నాలుగిండ్లకు వినవచ్చును. చెవులు మాత్రము ఆ హోరునకే అర్పితమైనవి గనుక, ఎదుటివారి యాక్షేపణ లేవియు లోనికి జొరవు. కథకునకు ఇంతకన్న వలసిన పరికరము లేవి?

మగ్గముమీదినుండి తాకా దిగినంతనే అది తనిఖీకి పోవును. పోగు జారినచోట, నూనెమరక పడినచోట డ్యామేజి వ్రాసి కూలిలో కోత గోయుదురు. ఇంటియందు ఆ యధికారము నానమ్మగారిది. ఆమె వంటగది గడపకు చేరగిలబడి చిక్కుడుకాయలు గిల్లుచు, తలయెత్తకయే సర్వము వినుచుండును. తాతగారి వాక్యములో కొలత మారినచోట గిల్లుడు ఆగును. ఆ విరామమే డ్యామేజి చీటి.

1994 సెప్టెంబరులో సూరతున ప్లేగు పుట్టినదను వార్త పొక్కగానే లక్షల జనము నగరము విడిచి పరుగులిడిరి. మందుల దుకాణములలో టెట్రాసైక్లిన్ మాత్రలకై జనము విరుచుకొని పడిరి. నాటికి తాతగారి కుమారుడు చంటివాడు. కిక్కిరిసిన రైలులోనికి ఆ శిశువును కిటికీగుండ అందించిరనుట సత్యము. తొలి కథనమున నందుకొన్నది ఒక్క మరాఠీ ముసలమ్మ. ఏటేట చేతులు పెరిగి పెరిగి, ఇప్పటి కథనమున శిశువు పెట్టెనుండి పెట్టెకు చేతులమీదుగా సాగి, ఇంజనుదాక బోయి, డ్రైవరు దీవెన లందుకొని, మరల తల్లి యొడి జేరుచున్నాడు. ఆ శిశువు నేడు ముప్పది యేండ్లు దాటి, నడినెత్తిన జుట్టు పలుచబడి, చీరల మార్కెట్టులో జమాఖర్చులు వ్రాయు గృహస్థుడు. ఈ ఘట్టము వచ్చినపు డెల్ల ఆయనకు సెల్‌ఫోనులో నేదో యత్యవసరమైన పని తగులును.

మరుసటి యేడు, 1995లో, నగరపాలక కమీషనరుగా వచ్చి, అధికారుల నందఱిని కార్యాలయముల కుర్చీలనుండి లేపి ప్రొద్దున్నే వీథులలోనికి దింపి, చెత్తకు పేరుమోసిన సూరతును దేశమందలి శుభ్రనగరముల ముందు వరుసకు దెచ్చిన సూర్యదేవర రామచంద్రరావుగారు తెలుగువారగుట తాతగారి పాలిటి వరము. “మన రావుసాబు” అనియే గాని మఱొక తీరున ఆ పేరెత్తరు. ఒక వేకువను రావుగారు మురుగుకాలువ యొద్ద జీపు దిగి, “ఏం చేద్దామంటవు?” అని తన యభిప్రాయ మడిగిరని తాతగారి వాక్కు. చిక్కుడుకాయల చప్పు డాగును.

“సలహా లేదు గిలహా లేదు బిడ్డా. జీపు పోతాంటె దూరంకెల్లి దండం వెట్టిండు.”

ఇక 2006 ఆగస్టు వరద యీ వాఙ్మయమున మహాకావ్యము. ఎగువ ఉకాయి జలాశయము నిండి, తలుపులెత్తి లక్షల క్యూసెక్కుల నీరు వదలగా, తాపీ పొంగి నగరములో నధికభాగమును ముంచివేసెను. అప్పటికి తాతగారి కాపురము వేడ్ రోడ్డున, నదికి కూతవేటు దూరములో, ఒక అద్దెగది.

“నీళ్లు వస్తనే ఉన్నయ్ బిడ్డా! గడప దాటినయ్, మంచం మునిగింది, నా మెడదాంక వచ్చినయ్...”

“తాతా, మొన్న ఛాతిదాంక అన్నవ్,” అని యేడేండ్ల మనుమరాలు.

“మొన్న చెప్పింది పొద్దుమీకి ముచ్చట. ఇది రాత్రి ముచ్చట.”

“నడుముదాంక,” అని గడప యొద్దనుండి నానమ్మ. “గంతే. బియ్యం గిన్నె నెత్తిన వెట్టుకొని ముందుగాల మిద్దెక్కింది నేను. ఈయన బనీను దేవులాడుకుంట కిందనే ఉన్నడు.”

హెలికాప్టర్లు డాబాలపై ఆహారపు పొట్లములు జారవిడిచినమాట లోకవిదితమే. తాతగారు వానిలో నొకదానిని గాలిలో నుండగనే ఒంటిచేత బట్టిరట. తనిఖీలో తేలిన దేమనగా, పొట్లము పొరుగు డాబాపై బడినది. ఆ యింటి గుజరాతీ ఇల్లాలు దానిని విప్పి, సగము పంచి, ఈవలకు విసరినది. అది తాతగారి చేతికి దగిలి నీట బడినది. అంతట నామె తన డబ్బాలోని థేప్లాలు నాలుగు, మామిడికాయ తొక్కు నద్ది, చేతిగుడ్డలో మూటగట్టి, ఈ తడవ విసరక పిట్టగోడపైనుండి చేతికే అందించినది. ఆ థేప్లాల రుచి విషయమున మాత్రము దంపతులిద్దఱిదియు నొకటే మాట. అక్కడ మీటరు పెరుగదు, డ్యామేజి పడదు.

శ్రోతలలో మనుమరాలు కొలతల మనిషియైతే, నాలుగేండ్ల మనుమనిది ఒక్కటే ప్రశ్న: “అప్పుడు నేనేడున్న?” పుట్టుటకు పదునాఱేండ్లు ముందటి వరదలో తాను లేనని యా పసివానికి చెప్పుటకు తాతగారికి నోరాడదు. “నువ్వు నానమ్మ కొంగులున్నవ్” అని యొకనాడు వాత్సల్యముతో ననిరి. నాటినుండి వాడు ప్రతి కథలోను ప్రవేశించినాడు. ఇప్పుడు ప్లేగు రైలు కిటికీగుండ పోయిన శిశువును తానే యని వాని దృఢవిశ్వాసము. తన తండ్రి యా పెట్టెలో వెనుక నెక్కడనో సామాను మోసికొని వచ్చినట్లు చెప్పుచుండును.

సూరతు నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో బాటు తెలుగు మాధ్యమమునను బడులు నడుపుచున్నది. కాని కోడలుగారు పిల్లను ఇంగ్లీషు బడికే పంపినారు. అందుచే నా బాలిక గుజరాతీని వీథిలో, హిందీని టీవీలో, ఇంగ్లీషును బడిలో నేర్చి, తెలుగును తాతగారి కథలలోనే నేర్చినది. తత్ఫలితముగా వరద, ప్లేగు, దయ్యము, రైలు, దొంగ, వీనికి సంబంధించిన తెలుగు దానికి కొట్టినపిండి. జల్లెడ తెమ్మన్న మాత్రము దిక్కులు చూచును.

పండుగలును ఈ ప్రకారమే తాతగారి చేతిలో సాగుచుండును. శీతకాలమున లేతజొన్న కంకులు కాల్చి నలిపిన పోంకు వచ్చును. సూరతు జనులు దానిని నిమ్మ, మిరియముల సేవు గలిపి మక్కువతో దిందురు. “గిది మన ఊచబియ్యమే! మనోళ్లే వీళ్లకు నేర్పిన్రు” అని తాతగారి ప్రకటన. బతుకమ్మ దినములును నవరాత్రి గర్బా దినములును కలిసివచ్చుటచే పిల్ల యొకే సాయంకాలము రెండు వలయములలో దిరిగి వచ్చును. తాతగారి లెక్కలో గర్బా మన బతుకమ్మకు చెల్లెలు. జనవరి 14న ఉత్తరాయణమునాడు ఊరంతయు డాబాలెక్కి గాలిపటము లెగురవేయును. బ్రదుకంతయు తెగిన పోగులను ముడివేసిన తాతగారు ఆ యొక్కనాడు ఇతరుల పోగులు తెంపుటలో మహావీరులు. ఆ ప్రొద్దంతయు ఆయన చేసినది కుమారుని వెనుక ఫిర్కీ పట్టుకొని నిలుచుట. చీకటి పడుసరికి తెంపిన గాలిపటము లన్నియు ఆయన ఖాతాలోనే జమ పడును.

ఈ నిధిని భద్రపఱుపవలెనని కోడలుగారు ఒకనాడు ఫోనులో వీడియో తీయబూనిరి. ఫోను తనవంక తిరుగగనే తాతగారు బనీనుపై చొక్కా తొడిగి, బొత్తాములు మెడవఱకు బెట్టి, “వరద వచ్చినది. ఇంట్లోకి నీరు వచ్చినది. మూడవనాడు పోయినది” అని ముగించిరి. అందులో నక్షరమైనను అబద్ధము లేదు. ఆ వీడియోను ఇంటిలో నెవ్వరును రెండవమారు చూడలేదు.

వేసవి సెలవులలో ఊరికి బోయినపుడు పెద్ద పరీక్షయే తటస్థించినది. తాతగారు బాల్యమున నొడ్డునుండి యొడ్డునకు ఈదుచు నడుమ అలసి నీటిపైననే కునుకు తీసిన బావిని పిల్లలు చూడగోరిరి. చూచిరి. అది నాలుగు బారల వెడల్పున, అడుగున పాచిపట్టిన గుక్కెడు నీటితో, ఒక తుమ్మచెట్టు నీడలోనే మొత్తముగా నిమిడియున్నది. కుమారుడు దగ్గెను. కోడలు నవ్వాపుకొనెను. మనుమరాలు కట్టపై వంగి తేఱిపార జూచి, “అన్నేండ్లు నీళ్లల్ల నాని గుంజుకపోయింది గావచ్చు తాతా,” అనినది. తాతగారికి వారసురాలు దొరకినది.

నవ్వుకొనుట సులభమే. కాని వలసవచ్చిన సంసారమునకు తాతలనాటి యిల్లు లేదు, పెరటిచెట్టు లేదు, పేరు చెక్కిన ఇత్తడి గంగాళము లేదు. గది మారినపు డెల్ల బరువైన వస్తువు వెనుకబడిపోయినది. పెండ్లి ఫొటోలలో సగము ఆ వరదలోనే నానిపోయినవి. మిగిలిన స్థిరాస్తి తాతగారి నోరొక్కటే. నడుముదాక వచ్చిన నీటిని మఱల చెప్పుమని యే పిల్లయు నడుగదు. మెడదాక వచ్చిన నీటిని రాత్రి రాత్రియు నడుగును. కోత కోయువారు లేనిచో ఆ నీరు మిన్నంటును. పెంచువారు లేనిచో నడుమునొద్దనే నిలిచి, ఒక తరము గడచుసరికి ఇంకిపోవును. కావున ఇద్దఱును తమ తమ పాళీలలో మానక పని చేయుచున్నారు.

అయితే ఈ తనిఖీ యిల్లు దాటి బయటికి రాదు. మొన్న నొక సాయంకాలము, సిరిసిల్లనుండి క్రొత్తగా కాపురమునకు వచ్చిన ప్రక్కగది యిల్లాలు కథ విని నవ్వి, “గన్ని నీళ్లు యాడికెల్లి వస్తయక్కా? తాత జర ఎక్కువ చెప్తడు,” అనినది. నానమ్మగారు చిక్కుడుకాయల చాట క్రింద బెట్టి లేచి నిలిచిరి.

“ఎక్కువనా? నువ్వు చూసినవా? మెడదాంకేంది, కరెంటు స్తంభం మీది బుగ్గ మునిగింది!”

తాతగారు కుర్చీలో నిటునటు గదలిరి. ఆ కొలత ఆయనకే భారమైనట్లున్నది. “గంత రాలేదే... మెడదాంకనే,” అని మెల్లగా ననిరి.

“నువ్వూకో! నీకేం యాదికుంటది? బనీను దేవులాడుకుంట కిందనే ఉంటివి గద!”