ఎటువైపురా నొప్పి?

మా ఇంటికి కొత్తగా వచ్చిన కోడళ్ళకి ముందుగా చెప్పే జాగ్రత్త ఒకటుంది. మామయ్య ఎదుట నుదుటి మీద చెయ్యి వేసుకోకూడదు. చెమట తుడుచుకోవాలన్నా పక్కగదిలోకి వెళ్ళి తుడుచుకోవాలి. పొరపాటున వేసుకున్నారా, ఆయన కుర్చీ ముందుకు జరుగుతుంది, కళ్ళజోడు నుదుటి మీదికి ఎక్కుతుంది, "ఎటువైపు?" అన్న ప్రశ్న పడుతుంది. ఇక ఆ పూట వంట లేనట్టే.

ఇలాంటివాళ్ళు మీ చుట్టాల్లోనూ ఉండే ఉంటారు. వీళ్ళకి పట్టా ఉండదు, ఫీజు ఉండదు, మొహమాటం అసలే ఉండదు. మా మామయ్య నీటిపారుదల శాఖలో చేసి తెనాలిలో రిటైరయ్యాడు. ఆ ఏడే తెలుగు తాత్పర్యంతో ఉన్న ఆయుర్వేద గ్రంథం చరక సంహిత కొన్నాడు. కొని బీరువాలో పెట్టేవాళ్ళతో ఎవరికీ ఇబ్బంది లేదు. ఈయన చదివాడు. అందులోనూ సూత్రస్థానం పదిహేడో అధ్యాయం దగ్గర ఆగిపోయాడు. అక్కడున్నవి తలనొప్పులు.

చరకుడు శిరోరోగాలు అయిదన్నాడు. సుశ్రుతుడు పదకొండన్నాడు. మామయ్య పెద్దమనిషి తరహాలో ఇద్దరికీ రాజీ కుదిర్చి, ముందు చరకుడి లెక్కలో చూసి, అక్కడ దొరక్కపోతే సుశ్రుతుడికి అప్పగిస్తాడు. పొద్దెక్కే కొద్దీ పెరిగి పొద్దు వాలితే తగ్గేది సూర్యావర్తం. సగం తలే నొచ్చేది అర్ధావభేదకం, మనవాళ్ళు ఒంటితలనొప్పి అనేది. తల బరువెక్కి మొద్దుబారితే కఫం, నిప్పులు పోసినట్టుంటే పిత్తం, రాత్రిపూట ఎక్కువై, గుడ్డ బిగించి కట్టుకుంటే హాయిగా ఉంటే వాతం. కాలవకి గండి ఎక్కడ పడిందో వెతికిన మనిషి కదా, అదే పట్టుదలతో మన తల చుట్టూ తిరుగుతాడు. కణతల దగ్గరా, కనుబొమల మధ్యా, మెడ వెనకా? తిన్నాక ఎక్కువా, తినకముందా? చివరికి అసలు ప్రశ్న: "విరేచనం సాఫీగా అవుతోందా?"

ఈ చివరి ప్రశ్న దగ్గరే నాకూ ఆయనకీ ఓ పాత బాకీ ఉంది. నా పెళ్ళిచూపుల్లో, ప్లేట్లలో మిరపకాయ బజ్జీలు పెట్టి అందరూ వాన గురించి మాట్లాడుకుంటుండగా, అమ్మాయి తండ్రి ఒక్క క్షణం కణత నొక్కుకున్నారు. నేను మామయ్య మోకాలు గిల్లాను. లాభం లేకపోయింది. కట్నకానుకల మాట ఎత్తక ముందే అమ్మాయి తండ్రిగారి మలబద్ధకం వివరాలు హాలంతటికీ తెలిసిపోయాయి. సంబంధం చెడిందనే అనుకుని బజ్జీ కింద పెట్టేశాను. చెడలేదు. ఇప్పుడు మా మామగారు పండక్కి వస్తే నన్ను "బావున్నారా" అంటారు. మామయ్యతో మాత్రం రెండు గంటలు మాట్లాడతారు.

తలనొప్పి ఎందుకొస్తుందో చరకుడు రాసిన జాబితా ఆయనకి కంఠోపాఠం. పగటినిద్ర, రాత్రి మేలుకోవడం, గట్టిగా మాట్లాడటం, తూర్పుగాలి, మంచు, పొగ, దుమ్ము, ఎండ, పడని వాసనలు, మబ్బు పట్టడం, మనసులో బాధ. ఏడిస్తే వస్తుంది, ఏడుపు ఆపుకున్నా వస్తుంది. మనిషన్నవాడు ఏం చేసినా ఈ జాబితాలో ఎక్కడో ఓచోట దొరుకుతాడు కాబట్టి మామయ్య రోగ నిర్ణయం ఇంతవరకూ తప్పలేదు. ఒకసారి అత్తయ్య పాలవాడి మీద కేకలేస్తుంటే, "ఉచ్చభాషణం తలనొప్పికి మూలం, శాస్త్రంలో ఉంది" అన్నాడు.

"పగటినిద్ర కూడా ఉందటగా?" అంది అత్తయ్య.

మామయ్య ఒంటిగంటకి భోంచేసి నాలుగింటి దాకా గుర్రు పెడతాడు. దానికి శాస్త్రంలో ఇంకా మినహాయింపు వెతుకుతున్నాడు.

చికిత్సలో మొదటి మెట్టు శొంఠి గంధం. సానరాయి మీద నాలుగు చుక్కల నీళ్ళు పోసి, శొంఠికొమ్ము పట్టుకుని అరగదీస్తాడు. ముందు నీళ్ళు తెల్లబడతాయి, తర్వాత లేత పసుపు రంగులో చిక్కబడతాయి, గదంతా ఘాటు. దాన్ని రెండు వేళ్ళతో ఈ కణత నుంచి ఆ కణత దాకా పట్టీలా పూస్తాడు. మొదటి నిమిషం చల్లగా ఉంటుంది. రెండో నిమిషంలో మంట మొదలవుతుంది. కళ్ళల్లోంచి, ముక్కులోంచి ధార కడుతుంది. "చూశావా, కఫం కదిలింది!" అంటాడు. నిజం చెప్పొద్దూ, ఆ మంటలో అసలు నొప్పి ఎటు పోయిందో తెలీదు.

రెండో మెట్టు నస్యం. మంచం మీద పడుకోబెట్టి, భుజాల కింద దిండు పెట్టి, తల వెనక్కి వాల్చి, గోరువెచ్చని అణుతైలం ముక్కులో రెండేసి చుక్కలు. అది గొంతులోకి దిగుతుంది, ఉమ్మెయ్యాలి, మింగకూడదు. ఈ తైలాన్ని ఒకసారి ఇంట్లోనే కాస్తానని కూర్చున్నాడు. చరకుడి లెక్క ప్రకారం పదిసార్లు కాచాలి, చివరిసారి మేకపాలు పొయ్యాలి. మేకపాలకి తెల్లవారుజామున సైకిలేసుకుని ఊరవతలికి వెళ్ళాడు. మూడో కాపు దగ్గర గ్యాసు అయిపోయింది. ఆ నెలంతా ఇంట్లో కూరలన్నీ ఒకటే వాసన. ఇప్పుడు బుద్ధిగా కొట్లో కొంటున్నాడు.

నా ఒంటితలనొప్పికి ఆయన చెప్పిన మరో వైద్యం సూర్యోదయానికి ముందే వేడిపాలల్లో జిలేబీ. ఉత్తరాదిలో అదే వాడతారట. నాకు తోడుగా ఉంటుందని తనూ ఓ గిన్నె పట్టుకుని కూర్చున్నాడు. ఆయనకి షుగరు. "నొప్పి వాడికి, జిలేబీ మీకూనా?" అని అత్తయ్య గిన్నె లాక్కుంది.

గురి తప్పిన సందర్భాలూ లేకపోలేదు. పక్కవాటాలో స్కూలు కుర్రాడు రోజూ సాయంత్రం తల నొప్పంటుంటే, వాడు నువ్వులుండలు తెగ తింటాడని కనుక్కుని క్రిమిజ శిరోరోగం అన్నాడు. తలలో పురుగులున్నాయని విని వాడు ఆ రాత్రి నిద్రపోలేదు. తీరా చూస్తే బోర్డు కనపడక కళ్ళు చికిలించడం వల్ల వచ్చిన నొప్పి. అద్దాలు పెట్టించారు, పోయింది. "నువ్వులు మానేశాడు కదా, అందుకే పోయింది" అని ఇప్పటికీ అంటాడు.

మరి మామయ్యకే తలనొప్పి వస్తే? ఏకాదశి నాడు తప్పకుండా వస్తుంది. ఉపవాసం కదా, ఒంట్లో సత్తువ క్షీణించి వచ్చే క్షయజమంటాడు. అత్తయ్య ఏ గ్రంథమూ చదవలేదు. రోజుకి నాలుగు ఫిల్టరు కాఫీలు తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే తల పగలక ఏమవుతుందంటుంది. డాక్టర్లూ ఆ మాటే అంటారు. సాయంత్రం గ్లాసు చేతికిస్తే అరగంటలో క్షయం పూడిపోతుంది.

ఆయన దిండు కింద ఓ పచ్చని సీసా కూడా ఉంటుంది. పట్టుకుని అడిగితే, "అది మందు కాదురా, చరిత్ర" అన్నాడు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ రాబడి ఆసరాతోనే 1908లో ఆంధ్రపత్రిక వచ్చింది. కాబట్టి నుదుటికి రాసుకున్న ప్రతి తెలుగువాడూ పత్రికకి చందా కట్టినట్టేనట. ఇంత గంభీరంగా కర్పూరం వాసన వేసే మనిషిని నేను చూడలేదు.

అయినా ఒక విషయంలో ఆయనకి నేను తలవంచాను. నొప్పి వచ్చినప్పుడల్లా మాత్ర మింగుతుంటే, "ఆ మాత్రే నీకు నొప్పి తెస్తోందిరా" అనేవాడు. నవ్వేవాణ్ణి. తర్వాత నరాల డాక్టరు కూడా అదే అన్నాడు. నెలలో సగం రోజులు నొప్పి మాత్రలు వేసుకుంటూ మూడు నెలలు దాటితే, ఆ మాత్రలే కొత్త తలనొప్పి పుట్టిస్తాయట. ఈ సంగతి మామయ్యకి చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను. పది ఊళ్ళ చుట్టాలకి ఫోన్లు వెళ్ళాయి.

ఇంకోటి కూడా చెప్పాలి. ఒకరోజు ఎదురింటావిడ ఉన్నట్టుండి తల పట్టుకుని కూలబడింది. వాంతి, మెడ వంగడం లేదు. మామయ్య ఎటువైపని అడగలేదు, సానరాయి తియ్యలేదు. బనీను మీదే వీధిలోకి పరిగెత్తి ఆటో ఆపి, ఆవిణ్ణి గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. "శంఖకమని ఒకటుంది, మూడు రోజుల్లో ప్రాణం తీస్తుందని రాసుంది. అదో కాదో తేల్చుకునే టైమా అది?" అన్నాడు తర్వాత.

కాబట్టి పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ ఎరగనంత నొప్పి హఠాత్తుగా వచ్చినా, దానితో జ్వరమో, మెడ బిగుసుకోవడమో, చెయ్యి పడిపోవడమో, మాట తడబడటమో ఉన్నా, ఎవరి మామయ్య కోసమూ చూడకండి, సరాసరి ఆసుపత్రికి వెళ్ళండి. మిగతా రకాలకి మావాడు సాయంత్రం నాలుగు దాటాక దొరుకుతాడు. చివరి ప్రశ్నకి జవాబు సిద్ధం చేసుకుని రండి.