వేలెఁడంత మిగ్గు: సవ్యాఖ్యానము

అవతారిక

పల్నాటికి యుద్ధకావ్యం కొత్త కాదు. నాగులేటి ఒడ్డున కారెంపూడిలో జరిగిన పోరును శ్రీనాథుడు ద్విపదలో చెప్పాడని పెద్దల మాట. కార్తిక అమావాస్యకు వీరుల ఆయుధాలు నేటికీ అక్కడికి ఊరేగి వస్తాయి. ఆ కథలో కోళ్లున్నాయి, కత్తులున్నాయి, నాగమ్మ ఎత్తులున్నాయి. విమానాలు మాత్రం లేవు. ఆ లోటు ఈ ఆటవెలది తీర్చింది. కర్త ఎవరో తెలియదు. కాలం ప్లాస్టిక్కు వచ్చిన తర్వాత అని మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు.

విమానం అనగానే వైమానిక శాస్త్రం తెరిచే వ్యాఖ్యాతలు కొందరున్నారు. సుబ్బరాయశాస్త్రి గారు చెప్పగా రాసుకున్న ఆ గ్రంథంలోని విమానాలు ఎగరలేవని బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వారు 1974లోనే తేల్చారు. మన విమానమూ ఎగరదు. అయితే ఎగురుతుందని దీని కర్త ఎక్కడా అనలేదు. కాబట్టి ఆ గ్రంథంతో మనకు పని లేదు.

మూలము

కత్తి పట్టి కోసి గరుకుకాగితమున
నునుపు దిద్ది జిగురు నొనరఁ బూసి
వేలెఁడంత మిగ్గు వెలయించుఁ బలనాటి
వీరుఁ డొక్కఁ డెండ వేడి నోర్చి

ప్రతిపదార్థము

పలనాటి = పల్నాడు జిల్లాకు చెందిన (2022 ఏప్రిల్ 4కు ముందు పుట్టిన పద్యమైతే గుంటూరు జిల్లా అని చదువుకోవాలి); వీరుఁడు + ఒక్కఁడు = ఒకానొక శూరుడు; ఎండ వేడిన్ = మే నెలలో రెంటచింతల వైపు ఉండేదానిని; ఓర్చి = ఫ్యాను ఆపుకుని మరీ భరించి; కత్తి పట్టి = పెన్సిలంత పిడికి సన్నబ్లేడు బిగించినదానిని చేతబట్టి; కోసి = ప్లాస్టిక్ చట్రం నుంచి రెక్కలు, తోక, చక్రాలు వగైరా విడదీసి; గరుకుకాగితమునన్ = ఉప్పుకాగితంతో; నునుపు దిద్ది = అతుకులు కనపడకుండా రుద్ది; జిగురున్ = అతికించే ద్రవమును; ఒనరన్ = బొట్టు కూడా మించకుండా; పూసి = రాసి; వేలెఁడంత = వేలి పొడవు గల; మిగ్గు = మిగ్-21 అను యుద్ధవిమానమును; వెలయించున్ = ప్రకాశింపజేయును.

ఇక్కడ ‘మిగ్గును’ అనవలసి ఉండగా ‘మిగ్గు’ అన్నాడు. జడపదార్థం కనుక ద్వితీయకు బదులు ప్రథమ రావడం వ్యాకరణ సమ్మతమే. దాన్ని నడిపిన పైలట్లు జడమంటే ఒప్పుకుంటారో లేదో మనకు సంబంధం లేదు.

తాత్పర్యము

పల్నాటివాడొకడు ఎండకు ఓర్చి చిన్న విమానం బొమ్మ కట్టాడు.

విశేషములు

అతడు అసలు విమానాన్ని డెబ్బై రెండో వంతుకు తగ్గించాడు. తిరిగి పెంచడం వ్యాఖ్యాత పని.

‘కత్తి పట్టి కోసి’. ఇది తొందరపాటు. చట్రం నుంచి భాగాన్ని నేరుగా కత్తితో కోస్తే ప్లాస్టిక్కు తెల్లబారుతుంది, గుంట కూడా పడుతుంది. ముందు నిప్పరుతో కొంచెం దూరంగా తుంచి, మిగిలిన మొటిమను కత్తితో పల్చగా చెక్కాలి. కవికి నిప్పరు సంగతి తెలియదనుకోలేము. గణాల్లో పట్టి ఉండదు.

‘నునుపు దిద్ది’. మిగ్-21 ఒళ్లంతా ఒక గొట్టం. కిట్టులో ఆ గొట్టం నిలువునా రెండు సగాలుగా వస్తుంది. అతికించాక వీపు మీద ముక్కు నుంచి తోక దాకా ఒక గీత మిగులుతుంది. అసలు విమానంలో అది లేదు. లప్పం పెట్టి, ఆరాక 400 నంబరు కాగితంతో మొదలెట్టి, 1000, 2000 దాకా తడి చేసి రుద్దాలి. చూపుకు అందనిది వేలిగోటికి తగులుతుంది కనుక గోరే ఇక్కడ ప్రమాణం. ఇంతా చేసి చూసుకుంటే గీతతోబాటు పక్కనున్న రేకుల అతుకు గీతలు, అంటే అసలు విమానంలో నిజంగా ఉన్నవి, అవీ చెరిగిపోయి ఉంటాయి. వాటిని సూదితో మళ్లీ గీయాలి. లేని గీతను చెరిపి, ఉన్న గీతను పోగొట్టుకుని, పోయినదాన్ని తెచ్చుకోవడం అనే ఇంత కథను కవి రెండు గణాల్లో ముగించాడు. పొదుపు ఇలా ఉండాలి.

‘జిగురు’. ఇది మాటవరసకు అన్నది. ఈ పనివాళ్లు వాడే పల్చటి ద్రవంలో అసిటోన్, బ్యూటైల్ అసిటేట్ లాంటివి ఉంటాయి. అది అంటించదు, కరిగిస్తుంది. రెండు ముక్కల్నీ ఆనించి పట్టుకుని కుంచె కొసను సందు దగ్గర తాకిస్తే, ద్రవం తనంతట తాను సందులోకి పాకి, రెండు వైపుల ప్లాస్టిక్కునూ కరిగించి ఒకటి చేస్తుంది. అందుకే ‘ఒనర’ అన్న మాట ప్రాణం. కాస్త మించితే ఆ ద్రవం పట్టుకున్న వేలి కిందికి చేరి, విమానం వీపు మీద వేలిముద్ర శాశ్వతంగా పడుతుంది. కాక్‌పిట్ అద్దం దగ్గర దీన్నీ వాడరాదు, సూపర్ గ్లూ అసలే పనికిరాదు, దాని ఆవిరికి అద్దం మంచు పట్టినట్టు మసకబారుతుంది. మామూలు తెల్ల జిగురే అక్కడ మేలు. లోపల సోవియట్ ఫ్యాక్టరీల నీలి ఆకుపచ్చ రంగు వేసి, మీటర్లన్నీ సూదిమొనతో చుక్కలు పెట్టినవాడికి ఈ అద్దం విలువ తెలుసు. అద్దం అతికించాక అవి ఎవరికీ సరిగ్గా కనపడవనీ తెలుసు.

‘వేలెఁడంత’. దీని మీద చర్చ ఉంది. మిగ్-21 పొడవు పదిహేను మీటర్లకు కాస్త అటూఇటూ. రెక్కల కొస నుంచి కొసకు ఏడు మీటర్ల చిల్లర. 1/72 కొలతలో పొడవు ఇరవై సెంటీమీటర్లు, అంటే జానెడు. వేలెడు కావాలంటే 1/144కు పోయినా ఇంకా రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువే. మరి కవి అబద్ధమాడాడా? ఆడాడు. ‘జానెఁడంత’ అంటే ‘వెలయించు’తో యతి చెడుతుంది. యతి కోసం విమానాన్ని కుదించిన కవి ఇంతకు ముందు ఉన్నట్టు లేదు.

1/72 ఎక్కడిదని అడిగేవారికి: ఒక అంగుళానికి ఆరడుగులు. ఆరడుగుల మనిషి అంగుళమవుతాడన్న లెక్క. రెండో ప్రపంచయుద్ధంలో వచ్చేది మనవాళ్ల విమానమా, శత్రువుదా అని ఆకారం చూసి గుర్తుపట్టడం నేర్పడానికి 1942లో అమెరికా నౌకాదళం బడిపిల్లల చేత చెక్కతో ఈ కొలతలోనే బొమ్మలు చేయించింది. పిల్లలాటగా కనిపించే కొలత యుద్ధానికి పని చేసింది.

ఆక్షేపము, సమాధానము

బొమ్మ విమానం పనిలో సగానికి పైగా రంగే. ప్రైమరు, నీడలు, అసలు రంగు, మెరుపు వార్నిషు, గుర్తులు, గీతల్లోకి దించే మురికినీళ్లు, మళ్లీ మెరుపు చంపే వార్నిషు. వీటిలో ఒక్కదాని పేరూ కవి ఎత్తలేదు, కనుక పద్యం అసంపూర్ణమని నరసరావుపేట పక్షం. ‘పూసి’ని రెండుసార్లు అన్వయించి, జిగురు పూసి, రంగూ పూసి అని చెప్పుకుంటే పోలేదా అని మాచర్ల పక్షం. కవి అననిది కవి చేత అనిపించడం వ్యాఖ్యాతలకు అలవాటే గానీ, ఇక్కడ ఆ అవసరం లేదు.

రంగు ఈ పద్యంలో ఉంది. ‘ఎండ వేడి నోర్చి’ అన్నచోట ధ్వనిగా ఉంది. ఎలాగంటే, కోయడానికి ఎండ అడ్డం రాదు. రుద్దడానికి రాదు. ఆ ప్లాస్టిక్కు పాలిస్టైరీను, వంద డిగ్రీల దరిదాపుల్లో గానీ మెత్తబడదు. గదిలో ఉన్నంతసేపు దానికి రెంటచింతలా ఊటీ ఒకటే. (ఎండలో నిలిపిన కారు అద్దం కింద పెట్టినవాడి సంగతి వేరు. అతడు వీరుల లెక్కలోకి రాడు.) జిగురు కొంచెం తొందరగా ఆరుతుందని గురజాల పక్షం అడ్డు తగలవచ్చు. ఆరితే మంచిదే, చెయ్యి తొందరగా ఖాళీ అవుతుంది. ఇక ఎండ నిజంగా పీడించేది రంగును. పీడ చెప్పాడంటే పీడపడేదాన్ని చెప్పినట్టే.

ఆ పీడ ఎలాంటిదో చూద్దాం. నీళ్లతో కలిసే అక్రిలిక్ రంగును పాలంత పల్చగా కలిపి ఎయిర్‌బ్రష్ గిన్నెలో పోస్తారు. దాని ముక్కు రంధ్రం 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు. మామూలు ఊళ్లో తుంపర తడిగా వెళ్లి రెక్క మీద పడుతుంది, పరుచుకుంటుంది, తర్వాత ఆరుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం రెంటచింతలలో ఈ క్రమం తిరగబడి, ముందు ఆరుతుంది, తర్వాత పడుతుంది. ముక్కుకీ రెక్కకీ మధ్య నాలుగంగుళాల గాల్లోనే తుంపర పొడై, రెక్కంతా ఇసుక చల్లినట్టు గరుకు తేలుతుంది. 2000 నంబరు కాగితంతో దిద్దిన నునుపు మీద మళ్లీ 400 నంబరు గరుకు. రెండో పాదంలో ‘నునుపు’ అన్నవాడు నాలుగో పాదంలో ‘ఎండ’ అన్నాడంటే తెలిసే అన్నాడు.

గరుకుతో బాధ ఆగదు. దాని మీద వాయుసేన గుర్తు దించాలి: బయట కాషాయం, మధ్య తెలుపు, లోపల ఆకుపచ్చ. నీళ్లలో నానబెట్టి కాగితం మీద నుంచి జార్చే ఆ పల్చటి పొర గరుకు మీద కూర్చుంటే కింద గాలి చిక్కుకుంటుంది. అప్పుడు గుర్తు చుట్టూ వెండిలాగా ఒక మెరుపు. ముందు మెరుపు వార్నిషు వేసి నేల చదును చేయమనేది అందుకే. వార్నిషు వేద్దామంటే అదీ ఎయిర్‌బ్రష్‌లోంచే రావాలి, అదే ఎండలోంచే రావాలి. ఈలోగా సూది కొసన రంగు గడ్డకట్టి, కాసేపు ఏమీ రాక, ఒక్కసారిగా చుక్క ఉమ్ముతుంది.

కనుక ‘ఓర్చి’ అనగా ఊరికే భరించి అని కాదు. ఆరుదల ఆలస్యం చేసే ద్రవం రెండు చుక్కలు కలపడం ఓర్పే. తెల్లవారుజామున, కోడి కూయకముందు లేచి, ఏడు గంటలలోపు రంగు పని ముగించడం ఓర్పే. అన్నిటికన్నా పెద్దది ఫ్యాను ఆపుకోవడం. వేస్తే దుమ్ము లేస్తుంది. పిడుగురాళ్ల వైపు వారికి సున్నపుబట్టీల దుమ్ము, మిరప కళ్లాల పక్కవారికి కోరు వేరే. తడి వార్నిషు మీద అర మిల్లీమీటరు రేణువు పడిందంటే, 1/72 లెక్కలో అసలు విమానం రెక్క మీద 36 మిల్లీమీటర్ల రాయి ఉన్నట్టు. బాపట్ల వైపు తేమకు లాకర్ రంగులు తెల్లగా పాలిపోతాయి. వేసవిలో మనకా బాధ లేదు. సూర్యలంకలో వాళ్లకు వాయుసేన కేంద్రం ఉంది, మనకు అదీ లేదు.

అసలు పల్నాటివాడు యుద్ధవిమానం ఎక్కడ చూశాడని మరో ఆక్షేపం. 2022 డిసెంబరు 29న కొరిశపాడు దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారి మీద అత్యవసర రన్‌వే పరీక్షకు సుఖోయ్, తేజస్ విమానాలు తక్కువ ఎత్తులో వచ్చి పోయాయి. చిలకలూరిపేట దాటితే అంత దూరమేమీ కాదు. మిగ్గులు రాలేదన్న మాట నిజమే.

ఇంకొక ఆక్షేపం ఇంట్లోది.

“ఏందిరా అయ్యా అది?”
“మిగ్గు, నాయనమ్మా.”
“ఎగురుద్దా?”
“ఎగరదు.”
“మరెందుకు?”

దీనికి మూలంలో సమాధానం దొరకలేదు. ‘వెలయించు’లో ఉందేమోనని వెతికాము. లేదు.

అలంకారము

ఏ మిగ్గు అన్నది కవి చెప్పలేదు. రంగు వేసేవాడికి తేల్చుకోక తప్పదు. 1963లో మన వాయుసేనలో చేరి, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకునేదాకా ఇది ఎన్నో వేషాలు వేసింది. 1971 డిసెంబరు 14న ఢాకా గవర్నర్ భవనం మీద దాడి చేసిన కాలంనాటి ఎఫ్ఎల్ రకం కట్టేవాడు ఒకటి గమనించాలి: దానికి లోపల ఫిరంగి లేదు, కావాలంటే పొట్ట కింద తగిలించేవారు. బైసన్ రకం కట్టేవాడికి బూడిదరంగులతో సరిపోతుంది. ముక్కులో బరువు పెట్టడం మాత్రం ఎవరికీ తప్పదు, సైకిల్ బేరింగు గుళ్లు చాలు. మరిచిపోయి రెండు సగాలూ మూసేస్తే, రంగులన్నీ వేసి చక్రాల మీద నిలబెట్టిన రోజున విమానం ముక్కు ఎత్తి తోక మీద కూలబడుతుంది.

రంగు కూడా డబ్బాలో ఉన్నట్టే వేయకూడదు. దూరాన ఉన్న వస్తువు గాలి పొరల్లోంచి కాస్త పాలిపోయి కనపడుతుంది. జానెడు విమానాన్ని చూడటమంటే పెద్దదాన్ని దూరం నుంచి చూడటమే కనుక రంగులో కొంచెం తెలుపు కలపాలి. ఆ పైన మురికి: తోక గొట్టం దగ్గర మసి, రెక్క మొదట్లో మెకానిక్కుల బూట్ల అరుగుదల, చక్రాల గూళ్లలో నూనె చారలు. ఇవన్నీ వేశాకే బొమ్మ విమానంగా మారుతుంది. మురికి అలంకారమయ్యే కావ్యం అరుదు. లాక్షణికులు దీనికి పేరు పెట్టలేదు. మోతాదు మించితే మాత్రం విమానం పాత ఇనుముల కొట్టుకు పోతున్నట్టుంటుంది. ఈ పని చేసేవారిలో చాలామందికి ఆ జబ్బు ఉంది.

పాఠాంతరము

కొన్ని ప్రతుల్లో నాలుగో పాదం ఇలా ఉంది: ‘వీరుఁ డొక్కఁ డాలి వేడి నోర్చి’. గణాలు సరిపోయాయి, యతీ చెల్లింది. ఒక్కఁడు + ఆలి, సంధిలోనూ దోషం లేదు. అయితే ఈ పాఠం తీసుకుంటే పైన చెప్పిన రంగు ధ్వని మొత్తం పోతుంది కనుక మేము గ్రహించలేదు. 1/48 కిట్టు తెప్పించుకున్నవారి ఇళ్లలోని ప్రతుల్లోనే ఇది ఎక్కువగా కనపడుతోంది.