చింతగింజల లెక్క

మా రోజుల్లో టీ కణం చూడాలంటే ముందు గొర్రె కావాల. నవ్వొద్దు. 1970ల చివర నేను ఒక మెడికల్ కాలేజీ లాబ్‌లో టెక్నీషియన్‌గా చేరినప్పుడు, మనిషి టీ కణానికి గొర్రె ఎర్రకణాలు అతుక్కుంటాయనేదే మాకున్న గుర్తు. గొర్రె నెత్తురు తెచ్చి, సెలైన్‌లో మూడుసార్లు కడిగి, రోగి లింఫోసైట్లతో కలిపి ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లం. తెల్లారి ట్యూబును వేళ్ల మధ్య నిదానంగా తిప్పాల. రవ్వంత గట్టిగా కుదిపితే పువ్వు రాలిపోతాది. చుట్టూ మూడో, అంతకు మించో ఎర్రకణాలు అంటుకుంటే అది రోజెట్, అంటే టీ కణం. మైక్రోస్కోపు కింద రెండు వందలు లెక్కబెట్టాల. లెక్కడబ్బా చెడిపోతే జేబులో చింతగింజలు. ఒకసారి పెద్దసారు నా లెక్క చూసి, "నీ కంటికి కోరినచోటల్లా పూలు పూస్తాయే" అన్నాడు. ఆ మాట ఈనాటికీ అరగలేదు నాకు.

ఇప్పుడు మనవరాలు హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తాంది, రెగ్యులేటరీ టీ కణాల మీద. ఒంట్లోని సైన్యం సొంతూరికే నిప్పుపెట్టకుండా ఆపే పెద్దమనుషులవి. మేం విన్నప్పుడు ఇట్లాంటివాటిని సప్రెసర్ కణాలనేవాళ్లు. 80ల్లో అట్లాంటివే లేవు పొమ్మన్నారు. 1995లో జపాన్ సకగుచి సీడీ25 గుర్తు పట్టుకుని మళ్లీ చూపించినాడు. 2001లో అమెరికాలో బ్రంకో, రామ్స్‌డెల్ ఫాక్స్‌పీ3 జన్యువు బయటపెట్టినారు. 2025లో ముగ్గురికీ నోబెల్. ఏది జరిగినా బ్రహ్మంగారు ముందే చెప్పినారనే ఊరు మాది. దీని సంగతి మాత్రం ఇంకా ఎవురూ ఎత్తలేదు.

పండక్కి బ్రహ్మంగారి మఠం వచ్చినప్పుడు పాప లాప్‌టాప్ తెరిచింది. వాళ్ల లాబ్ మిషన్‌లో కణాలు సన్న కాలవలో మాదిరి ఒకదాని ఎనక ఒకటి లేజర్ ముందర పోతాయంట, సెకనుకు వేలు. వీటి అసలు గుర్తు ఫాక్స్‌పీ3 కేంద్రకంలో దాక్కుంటాది కాబట్టి రంగు లోపలికి పోవాలంటే కణానికి తూట్లు పొడవాల. పొడిస్తే చచ్చె. బతికినవి కావాలంటే సీడీ25 ఎక్కువుండి సీడీ127 తక్కువున్నవి ఏరుకోవాల. ఇంత మిషన్ పెట్టుకుని ఇదేం తిప్పలు!

తెరమీద ఆవాలు ఒలకబోసినట్టు చుక్కలు. సీడీ4 టీ కణాల్లో నూటికి ఐదో పదో ఈ రెగ్యులేటరీవి. వాటి చుట్టూ మౌస్‌తో గీత గీసింది. గేటంట.

"ఆ గీత ఆడే ఎందుకు గీసినావు పాపా?"

"కంట్రోల్ చూసి తాతా. మిగతాది కంటితోనే."

కంటితోనే! పెద్దసారు ఉండింటే వినిపించేవాణ్ణి.

"మరి ఈ పక్కబొమ్మలో గీత బయట వదిలేసినవేంది?"

"రెండేసి కణాలు అతుక్కుని పోయినవి తాతా. లెక్కకు రావు, పారేస్తాం."

అతుక్కున్నవే లెక్కబెట్టి నేను రిటైరైనా.