కంపెనీకి తండ్రెవరు?

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది. పుట్టిల్లు కొరియా అని అందరూ ఒప్పుకుంటారు. తండ్రి ఎవరన్న దగ్గరే పేచీ.

2017 ఏప్రిల్‌లో సంతకాలు చేయించింది చంద్రబాబు ప్రభుత్వం. కాబట్టి బిడ్డ మాదేనంటుంది తెలుగుదేశం. 2019లో ఎన్నికలొచ్చాయి, కుర్చీ మారింది, డిసెంబరులో రిబ్బన్ కత్తిరించే యోగం జగన్‌ది. అంతకు ముందే అసెంబ్లీలో ఆర్థికమంత్రి బుగ్గన ఒక ఉత్తరం చదివి వినిపించారు. 2007లో వైఎస్ రమ్మని పిలిచారు, ఆ మాట మీదే వచ్చామని కంపెనీ పెద్దలు రాశారట. పదేళ్ల కిందటి పిలుపును గుర్తుపెట్టుకున్న కొరియావాళ్ల జ్ఞాపకశక్తికి దండం పెట్టాలి. కొత్త ముఖ్యమంత్రి వచ్చిన కొద్ది వారాలకే ఆ జ్ఞాపకం పైకి తేలినందుకు ఇంకో దండం. మధ్యలో బీజేపీవాళ్లు ఇదంతా మోదీగారి చలవేనని ఓ మాట వేసిపెట్టారు. ఊరికే పోయేదేముంది?

2020 ఫిబ్రవరిలో కథ తిరగబడింది. కియా తమిళనాడు వైపు చూస్తోందని రాయిటర్స్ రాసింది. ఎక్కడికీ పోవడం లేదని కంపెనీ మొత్తుకున్నా వినే తీరిక ఎవరికుంది? నిన్నటిదాకా నాదంటే నాదని లాక్కున్నవాళ్లు, పోతే పాపం నీదంటే నీదని తోసుకున్నారు.

ఈ గొడవలో పెనుకొండ కుర్రాడికి దక్కిందేమిటి? 2019 జులైలోనే ఫ్యాక్టరీల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకేనని చట్టం చేశారు. చట్టం పుస్తకంలో భద్రంగా ఉంది. కుర్రాడు బయోడేటాని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, కొరియా అక్షరాల హోటల్ బోర్డు కింద నీడకి నిలబడి, కాంట్రాక్టరు ఫోన్ ఎత్తుతాడేమోనని చూస్తుంటాడు.

ఒప్పందాల సంగతి మరీ ముచ్చట. 2023 మార్చిలో విశాఖలో జగన్ ప్రభుత్వం సదస్సు పెడితే 13 లక్షల కోట్లన్నారు. 2025 నవంబరులో అదే విశాఖలో బాబు ప్రభుత్వం పెడితే అదీ 13 లక్షల కోట్ల పైచిలుకే. ప్రభుత్వాలు మారినా అంకె మారలేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. మనకైతే సోమలింగానికి ఇద్దరు తండ్రులు కూడాను.

ఇప్పుడు గూగుల్. విశాఖలో డేటా సెంటర్‌కి అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో ప్రకటించారు. ఇదంతా మేం 2023లో శంకుస్థాపన చేసిన అదానీ డేటా సెంటర్‌కి కొనసాగింపే, బాబుది క్రెడిట్ చోరీ అన్నారు జగన్. డేటా చోరీ విన్నాం గానీ, డేటా సెంటర్ చోరీ ఇదే మొదలు.

నిజానికి గూగుల్‌ని తెచ్చుకోడానికి మనం కట్టే ధర ఎంతని అడిగిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. కాకపోతే పక్క రాష్ట్రం. కర్ణాటక మంత్రి ప్రియాంక్ ఖర్గే, గూగుల్‌కి 22,000 కోట్ల రూపాయల రాయితీలు ఇస్తున్నారని, భూమీ నీళ్లూ తగ్గింపు ధరకేనని లెక్క చెప్పారు. పెళ్లికూతురు చేజారాక కట్నం ఎక్కువైందనడం లాంటిదే అనుకోండి, అయినా లెక్క లెక్కే. మన మంత్రి లోకేశ్, ఆంధ్ర వంటలాగే మా పెట్టుబడులూ కారమే, పొరుగువాళ్లకి మంటెక్కుతోందని జవాబిచ్చారు. చప్పట్లు మోగాయి. కారం ఎంతో తెలిసింది. ఖరీదు మాత్రం చప్పట్లలో కలిసిపోయింది.

ప్రధాన ప్రతిపక్షం ఆ 22,000 కోట్లని పట్టుకుంటుందనుకుంటాం కదా? దాని బాధంతా శిలాఫలకం మీద పేరు గురించి. ఖరీదు తప్పని వాదిస్తే రేపు అదే ఖరీదుతో తెచ్చుకునేది ఎలా? అందుకని రాయితీల లెక్కలుండే జీవో అనుబంధాల జోలికి అటువాళ్లూ పోరు, ఇటువాళ్లూ పోరు. మన రాష్ట్రంలో ఇంత సఖ్యత మరి దేనిమీదా చూడం.

భూమెంత, నీళ్లెన్ని, కరెంటు ఎవరి నెత్తినని వామపక్షాలు అడిగాయి. వాళ్లకి అసెంబ్లీలో ఒక్క సీటూ లేదు గనక, ప్రశ్నని అభివృద్ధి నిరోధకుల ఖాతాలో జమకట్టేశారు.