ఓడినవారి పేరు, గెలిచినవారి గోడ

ఫ్రాన్స్ దక్షిణ కొసన, పిరనీస్ పర్వతాలకు ఉత్తరంగా పరచుకున్న కోర్బియేర్ కొండల్లో శిఖరానికొకటిగా నిలిచి ఉన్న శిథిల దుర్గాలను లోకం కొన్ని దశాబ్దాలుగా ‘కాథర్ కోటలు’ అని పిలుస్తోంది. ఈ పేరుకు శాస్త్రీయమైన నిర్వచనం ఇవ్వవలసివస్తే, కాథర్లు కట్టనివి, కాథర్లను తుదముట్టించినవారు కట్టినవి, అయినా కాథర్ల పేరు చెప్పనిదే టిక్కెట్లు తెగనివి అయిన కోటలే కాథర్ కోటలని చెప్పవలసి ఉంటుంది. చరిత్రకారులు ఈ సంగతిని ఏనాడూ దాచలేదు. అయితే మండుటెండలో కొండెక్కి, రొప్పుతూ బురుజు కింద కూలబడిన యాత్రికుడికి తాను దర్శించుకున్నది ధర్మవీరుల ఆఖరి ఆశ్రయం కాదనీ, ఒక రాజుగారి సరిహద్దు ఠాణా అనీ అప్పటికప్పుడు చెప్పడం అమానుషమవుతుంది కనుక, పర్యాటక శాఖలు మానవత్వం వైపే మొగ్గాయి.

కాథర్లు 12, 13 శతాబ్దాల్లో లాంగ్‌దోక్ ప్రాంతంలో, అంటే తులూజ్, కార్కాసోన్ నగరాల చుట్టూ ఉన్న సీమలో వ్యాపించిన క్రైస్తవ శాఖవారు; రోమ్ చర్చి దృష్టిలో మాత్రం వట్టి మతభ్రష్టులు. ఆత్మ మంచి దేవుడిదనీ, కంటికి కనిపించే ఈ ప్రపంచమంతా దుష్టశక్తి సృష్టి అనీ వారి నమ్మకం. దీక్ష పుచ్చుకున్నవారిని స్థానికులు ‘మంచి మనుషులు’ అనేవారు; వీరు పెళ్లి చేసుకోరు, ప్రాణం తీయరు, మాంసం, గుడ్లు, పాలు ముట్టరు, చేప మాత్రం సంయోగం వల్ల పుట్టదని ఆ కాలపువారు భావించారు కనుక దానికి మినహాయింపు ఇచ్చారు. గుడి కట్టుకోవడం కూడా దండగే అనుకుని ఇళ్లలోనే ప్రార్థించుకున్న ఈ మనుషుల పేరు, రాయి సైతం సైతాను పనితనమే అని నమ్మిన ఈ మనుషుల పేరు, కొన్ని వేల టన్నుల రాతికి తగిలించడం ఆధునిక యుగం సాధించిన ఘనకార్యాల్లో ఒకటి.

పోప్ మూడవ ఇన్నోసెంట్ వీరి మీద క్రూసేడు, అంటే చర్చి ప్రకటించిన పవిత్ర యుద్ధం, ప్రకటించగా 1209లో ఉత్తరాది ప్రభువుల సేన దిగివచ్చి ఆ జూలైలోనే బెజియే పట్టణాన్ని ఊచకోత కోసింది. అందరినీ చంపితే తనవారెవరో దేవుడే తేల్చుకుంటాడని పోప్ ప్రతినిధి అప్పుడు ఆజ్ఞాపించాడనే ప్రసిద్ధ వాక్యం చాలా ఏళ్ల తర్వాత ఒక జర్మన్ సన్యాసి రాతల్లో మొదటిసారి కనిపిస్తుంది; అతడు నిజంగా ఆ మాట అన్నాడనడానికి వేరే ఆధారం లేకపోయినా, ఆ రోజు జరిగిన పని మాత్రం ఆ మాటకు ఏమాత్రం తీసిపోలేదు. 1229 నాటి సంధితో యుద్ధం ముగిసింది, సీమ క్రమంగా ఫ్రెంచి రాజు గుప్పిట్లోకి వెళ్లింది, మిగిలిన పని మతవిచారణ న్యాయస్థానాలు చూసుకున్నాయి.

కాథర్లకు కొండకోటలతో అసలు సంబంధమే లేదని చెప్పడం కూడా సరికాదు. అప్పట్లో కొండ కొమ్మున ప్రభువు ఇల్లు, దాని చుట్టూ జనం ఇళ్లు ఒకే ప్రాకారంలో ఇమిడి ఉండే ఊళ్లను ‘కాస్ట్రమ్’ అనేవారు. పారిపోయి వచ్చిన మంచి మనుషులకు ఇలాంటి ఊళ్లే చోటిచ్చాయి. ఆ ఊళ్లను పట్టుకున్న తొమ్మిదవ లూయీ రాజు పాత గోడలు తీయించి, తన కొలతలకు కొత్త కోటలు లేపాడు, ఎందుకంటే 1258లో ఆరగాన్ రాజుతో కుదిరిన కోర్బెయ్ ఒప్పందం వల్ల సరిహద్దు ఈ కొండల మీదుగా నిలిచింది. ఆగిలార్, పెయిర్‌పెర్త్యూజ్, ప్యూలోరాన్స్, కేరిబూస్, తెర్మ్ అనే ఐదింటిని ‘కార్కాసోన్ ఐదుగురు కొడుకులు’ అంటారు. 1659 పిరనీస్ సంధితో సరిహద్దు ఇంకా దక్షిణానికి జరిగిపోవడంతో కొడుకులు ఐదుగురూ నిరుద్యోగులయ్యారు, మళ్లీ పర్యాటకం వచ్చి ఆదుకునేదాకా గాలికి కాపలా కాశారు.

సుమారు 800 మీటర్ల ఎత్తున సున్నపురాతి శిఖరం వెంట ఓడలా సాగిన పెయిర్‌పెర్త్యూజ్‌లో కింది కోట నుంచి పై కోటకు వెళ్లే దారి ఒక్కటే: లోయ అంచున కొండరాతిలోనే తొలిచిన మెట్లు, చేతి ఆసరాకు ఒక గొలుసు, పక్కన ఆకాశం. గాలి ముదిరితే ఈ మెట్ల మీదికి ఎవరినీ పోనివ్వరు. కాథర్ల కడగండ్లు తలచుకుంటూ, కళ్లు చెమర్చగా యాత్రికులు ఒక్కొక్కటే ఎక్కే ఈ మెట్లకు వాడుకలో ఉన్న పేరు ‘సెయింట్ లూయీ మెట్లు’. సీమను లొంగదీసుకుని, 1297లో చర్చి చేత మహనీయుడనిపించుకున్న ఆ తొమ్మిదవ లూయీయే ఈ సెయింట్ లూయీ. ఓడినవారికి కన్నీళ్లు, గెలిచినవారి గొలుసుకు చేతిపట్టు ఏకకాలంలో సమర్పించే ఇలాంటి సౌకర్యం ఇతర పుణ్యక్షేత్రాల్లో అరుదు.

అన్నిటికన్నా పవిత్రమైనదిగా పేరుపొందిన మోంసెగ్యూర్ కథ ఇంకా రసవత్తరమైనది. 1243 మే నుంచి దాదాపు పది నెలలు ముట్టడిని తట్టుకుని లొంగిపోయిన ఈ కొండమీది ఊరివారిలో, నమ్మకం వదులుకోవడానికి ఒప్పుకోని రెండు వందల మందికి పైగా కాథర్లను 1244 మార్చి 16న సజీవ దహనం చేశారు. ఈ వాస్తవం ముందు వ్యంగ్యానికి నోరు పెగలదు. అయితే కొండ పైన ఇప్పుడు కనిపించే కోట, ఆ తర్వాత సీమను ఏలిన లెవీ వంశపు ప్రభువుల కట్టడం. వేసవి ఆయనాంతం నాడు, అంటే పగలు అన్నిటికన్నా పెద్దదైన రోజున, ఉదయపు ఎండ ఈ కోట బురుజు బాణరంధ్రాల గుండా సూటిగా దూరిపోతుంది. దాన్నిబట్టి ఇది కాథర్ల సూర్యదేవాలయమని 20వ శతాబ్దంలో ఒక సిద్ధాంతం పుట్టగా, ఏటా జూన్‌లో చీకటితోనే జనం కొండెక్కుతున్నారు. సూర్యుణ్ణి కూడా దుష్టశక్తి ఖాతాలోనే వేయవలసిన మతానికి సూర్యదేవాలయం ఎందుకో, తాము బూడిదయ్యాక శత్రువు కట్టిన బురుజులో దాన్ని ఎలా అమర్చారో ఆ సిద్ధాంతం వివరించదు. అంతకుముందే, 1933లో, ఓటో రాన్ అనే జర్మన్ రచయిత, క్రీస్తు కడపటి విందులో వాడినదిగా చెప్పే ‘గ్రెయిల్’ పాత్రను కాథర్లు ఇక్కడే దాచారని పుస్తకం రాసి, ఆ పాండిత్యం పుణ్యాన నాజీల ఎస్ఎస్ దళంలో కొలువు కూడా సంపాదించుకున్నాడు. పాత్ర నేటికీ దొరకలేదు. దొరికి ఉంటే ఇందరు వచ్చేవారు కాదు.

ఈ సూత్రాన్ని పరిపూర్ణంగా ఒంటబట్టించుకున్న ఊరు రెన్-ల-షాతో. కొండ కొమ్మున ఇప్పుడు వందమంది కూడా లేని ఈ పల్లెకు 1885లో బెరాంజే సోనియేర్ అనే ఫాదరీ వచ్చాడు. పాడుబడ్డ చర్చికి రంగులద్దించాడు, గుమ్మంలోనే పవిత్రజలపు తొట్టి మోస్తూ గుడ్లురిమే దెయ్యం బొమ్మ పెట్టించాడు, ఆపైన ఒక భవంతి, పుస్తకాలకని ఒక గోపురం కట్టుకున్నాడు. పల్లె ఫాదరీకి ఇంత సొమ్ము ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు చర్చి విచారణలోనే తేలింది: చనిపోయినవారి ఆత్మశాంతికి రుసుము తీసుకుని జరిపే పూజలను ‘మాస్’ అంటారు, సోనియేర్ తాను జన్మలో జరపలేనన్ని మాస్‌లకు దేశం నలుమూలల నుంచి టపాలో డబ్బు తెప్పించుకున్నాడు. ఆయన 1917లో పోయాక ఆ ఆస్తి కొనుక్కుని హోటల్ తెరిచిన నోయెల్ కోర్బ్యూ అనే ఆసామికి ఈ జవాబు వ్యాపారానికి పనికిరాలేదు. ఫాదరీకి నిధి దొరికిందనే కథను ఆయన 1956లో పత్రికకెక్కించాడు. ఆ తర్వాత పియేర్ ప్లాంతార్ అనే మరో ఆసామి బృందం దొంగ తాళపత్రాల వంటి పార్చ్‌మెంట్లు పుట్టించింది, 1982లో ఒక ఇంగ్లీషు పుస్తకం నిధి స్థానంలో ఏకంగా క్రీస్తు వంశాన్నే ప్రతిష్ఠించింది, 2003లో ‘ద డా విన్సీ కోడ్’ నవల హతుడైన మ్యూజియం అధికారికి సోనియేర్ అని పేరు పెట్టి రుణం తీర్చుకుంది. తెలుగు నేల మీద పాత కోటల్లో, పాడుబడిన గుళ్లలో గుప్తనిధుల కోసం అర్ధరాత్రి గునపం పట్టేవారు పోలీసులకు దొరికిపోతుంటారు. రెన్-ల-షాతోలో మాత్రం నిధివేటగాళ్లు పట్టపగలే పుస్తకం పట్టుకుని వచ్చి తవ్వడంతో ఊరి పెద్దలు 1965 నాటికే తవ్వకాలను నిషేధించవలసి వచ్చింది. ఇన్ని గోతులు తీసినవారిలో ఒక్కరు కూడా టపా రసీదుల కోసం వెతికినట్టు లేదు.

ఈ కొండలున్న ఓద్ జిల్లా పాలకులు ‘కాథర్ దేశం’ అనే పేరును వాణిజ్యముద్రగా నమోదు చేయించి, నాణ్యత గల స్థానిక సరుకులకు దాన్ని ఇస్తున్నారు. వాటిలో రొట్టె, తేనెతోపాటు కోడి, గొర్రె, పశుమాంసాలు కూడా ఉన్నాయి. లాంగ్‌దోక్‌లో పేరు తెలిసినంతవరకు ఆఖరి కాథర్ దీక్షాపరుడైన గియోమ్ బెలిబాస్త్‌ను 1321లో దహనం చేసిన విల్‌రూజ్-తెర్మెనెస్ కోటలో మధ్యయుగపు పద్ధతిలో మాంసం కాల్చి వడ్డించే భోజనశాల నడిచింది. ఈ రెండు విషయాలనూ పక్కపక్కన పెట్టి చూసే తీరిక జిల్లా యంత్రాంగంలో ఎవరికీ దొరికినట్టు లేదు. నార్బాన్ దగ్గర మోటారు రహదారి పక్కన 1980లో ‘కాథర్ యోధులు’ అనే కాంక్రీటు విగ్రహాలు కూడా లేచాయి. కోడి గొంతు కోయడానికి కూడా ఒప్పుకోని దీక్షాపరులకు శిరస్త్రాణాలు తొడిగినందుకు అభ్యంతరం చెప్పగలవారు అప్పటికి ఆరువందల యాభై ఏళ్లుగా అందుబాటులో లేరు.

ఈ మధ్య యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితా మీద ఆశ పుట్టాక పరిస్థితి మారింది. అక్కడి నిపుణులకు కన్నీళ్లు చాలవు, కట్టిందెవరో చెప్పాలి. అందువల్ల ఇన్నాళ్లూ కాథర్ కోటలైనవి దరఖాస్తు కాగితాల్లో కార్కాసోన్ నగరానికి కాపలా కాసిన రాజదుర్గాలుగా అవతారమెత్తాయి, తొమ్మిదవ లూయీకి తన ఆస్తి తనకు దక్కింది. కింద అంగళ్లకు ఈ వార్త ఇంకా చేరలేదు. అక్కడ తులూజ్ ప్రభువుల చిహ్నమైన శిలువను ‘కాథర్ శిలువ’ పేరుతో, హింసకు వాడిన కొయ్యను పూజించడమేమిటని శిలువనే తిరస్కరించినవారి గుర్తుగా, మెడగొలుసులోనూ తాళంచెవుల గుత్తిలోనూ అమ్ముతున్నారు.